కళ్లెలో క్షయను చూపించిన డాక్టరు

బళ్లారి అయినా, హోసూరు అయినా, బరంపురం అయినా, షోలాపూర్ అయినా.. ఆసుపత్రి చీటీల మీద ఒక మాట కనిపిస్తూ ఉంటుంది. 'కాక్స్'. రోగికి అర్థం కాదు. వెంట వచ్చిన బంధువుకూ అర్థం కాదు. అర్థం కాకూడదనే చాలామంది డాక్టర్లు అలా రాస్తారు. టీబీ అని బయటికి అంటే ఆ ఇంటి పిల్లకు సంబంధం తప్పిపోతుందేమో, అద్దె ఇల్లు ఖాళీ చేయమంటారేమో, మగ్గం దగ్గర పని పోతుందేమో అన్న భయం. ఆ భయానికి వేసిన ముసుగే ఈ మాట.

నిజానికి అది రోగం పేరు కాదు, ఒక మనిషి పేరు. కంటికి కనిపించని క్షయ క్రిమిని పట్టుకుని, దానికి రంగు పట్టించి, నలుగురి ముందూ పెట్టి చూపించిన జర్మనీ డాక్టరు రాబర్ట్ కాక్. రోగాన్ని దాచడానికి మనం వాడుకుంటున్న పేరు, రోగాన్ని బయటపెట్టిన మనిషిది. ఆయన కథ తెలుసుకుంటే ఆ మాటకు భయపడాల్సింది ఎంతో, పడక్కర్లేనిది ఎంతో తెలుస్తుంది.

గనుల ఊరి కుర్రాడు

కాక్ 1843 డిసెంబరు 11న జర్మనీలోని హార్జ్ కొండల్లో క్లౌస్తాల్ అనే గనుల ఊళ్లో పుట్టాడు. తండ్రి గనుల అధికారి. పదమూడు మంది పిల్లల్లో మూడోవాడు. అయిదేళ్ల వయసులోనే ఇంటికొచ్చే పత్రికలు ముందు వేసుకుని తనంతట తానే చదవడం నేర్చుకున్నాడు. అమ్మానాన్నలు ఆశ్చర్యపోయారు. ఎవరూ చెప్పకపోయినా పట్టుబట్టి కూర్చుని తెలుసుకునే ఆ గుణం చివరిదాకా పోలేదు.

1862లో గోటింగెన్ విశ్వవిద్యాలయంలో చేరి వైద్యం చదివాడు. అక్కడ హెన్లే అనే గురువు దొరికాడు. అంటురోగాలకు కారణం ప్రాణమున్న సూక్ష్మజీవులేనని 1840లోనే రాసిన మనిషి ఆయన. అప్పట్లో ఆ మాటను నమ్మినవాళ్లు తక్కువ. రుజువు చేసినవాళ్లు అసలే లేరు. 1866లో కాక్ డాక్టరు పట్టా అందుకున్నాడు. మరుసటి ఏడాది ఎమ్మీతో పెళ్లి, ఆ తర్వాత ఒక కూతురు. పొట్టకూటి కోసం ఊరు తర్వాత ఊరు మారాడు. 1870లో ఫ్రాన్స్‌తో యుద్ధం వస్తే సైన్యంలో డాక్టరుగా పని చేసి వచ్చాడు.

1872లో వోల్‌స్టైన్‌లో జిల్లా వైద్యాధికారి ఉద్యోగం దొరికింది. ఇప్పుడా ఊరు పోలండ్‌లో ఉంది. పెద్ద ఆసుపత్రి లేదు, గ్రంథాలయం లేదు, మాట్లాడుకోవడానికి తోటి శాస్త్రవేత్త లేడు. భార్య కొనిచ్చిన ఒక సూక్ష్మదర్శిని మాత్రం ఉంది. రోగులను చూసే ఇంట్లోనే ఒక పక్కన ప్రయోగశాల పెట్టుకున్నాడు. పగలు వైద్యం, తీరిక దొరికితే సూక్ష్మదర్శిని.

గొర్రెల రోగంతో మొదలు

ఆ ప్రాంతంలో గొర్రెలు, పశువులు దొమ్మ రోగంతో పడిపోయేవి. ఇంగ్లిషులో ఆంత్రాక్స్ అనేది ఇదే. చచ్చిన పశువుల నెత్తురులో పుల్లల్లాంటివి కొన్ని ఉన్నాయని అప్పటికే ఇతరులు గమనించారు. రోగం తెచ్చింది అవేనా, లేక రోగం వచ్చాక పుట్టుకొచ్చాయా అన్నది తేలలేదు. కాక్ దగ్గర ఖరీదైన పరికరాలు లేవు. సన్నటి కొయ్యపుల్లలు చెక్కుకుని, చచ్చిన పశువు ప్లీహంలోని నెత్తురును వాటితో చిట్టెలుకలకు ఎక్కించాడు. ఎలుకలు చచ్చిపోయాయి. ఆరోగ్యంగా ఉన్న పశువు నెత్తురు ఎక్కించిన ఎలుకలు బతికాయి. ఎద్దు కంటిలోని నీటిలో ఆ క్రిములను పెంచి, అవి పొడుగ్గా సాగడం, చివరికి గట్టి గింజల్లా మారడం కళ్లారా చూశాడు. ఆ గింజల రూపంలోనే అవి మట్టిలో ఏళ్ల తరబడి బతికి, మళ్లీ పశువులకు అంటుకుంటున్నాయని అర్థమైంది.

1876లో ఈ పల్లెటూరి డాక్టరు తన సరంజామా మూట కట్టుకుని బ్రెస్లావ్‌కు వెళ్లి, వృక్షశాస్త్ర ఆచార్యుడు ఫెర్డినాండ్ కోన్ ముందు ప్రయోగాలన్నీ చేసి చూపించాడు. చూసినవాళ్లకు సందేహం మిగల్లేదు. కోన్ తన పత్రికలోనే ఆ వ్యాసం అచ్చు వేశాడు. ఒక రోగానికి ఒక క్రిమి కారణమని ఇంత స్పష్టంగా నిరూపణ కావడం అదే మొదలు.

చెప్పడం కాదు, చూపించడం. కాక్ పద్ధతి అదే. సూక్ష్మజీవుల బొమ్మలు చేత్తో గీస్తే ఎవరి ఊహ వాళ్లు కలుపుతారని వాటికి ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. జెనాలోని జైస్ కంపెనీ తయారుచేసిన కొత్త కటకాలు తెప్పించుకున్నాడు. గాజుకూ కటకానికీ మధ్య నూనె చుక్క వేసి చూసే ఆ కటకం ఈ రోజుకూ ప్రతి టీబీ ల్యాబులో ఉంది.

ఏడుగురిలో ఒకరు

1880లో ప్రభుత్వం ఆయన్ను బెర్లిన్‌లోని ఆరోగ్య కార్యాలయానికి పిలిపించింది. లోఫ్లర్, గాఫ్కీ అనే ఇద్దరు సహాయకులు దొరికారు. క్రిములను ఒకదానితో ఒకటి కలవకుండా విడివిడిగా పెంచడం ఎలాగన్నది అప్పటికి పెద్ద చిక్కు. ఉడికించిన బంగాళదుంప ముక్క మీద రంగురంగుల చుక్కలు వేరువేరుగా పెరగడం చూసి, గట్టిగా ఉండే పదార్థం మీద పెంచితే సరిపోతుందని కాక్ గ్రహించాడు. ముందు జెలటిన్ వాడారు. అది వేడికి కరిగిపోయేది. వాల్టర్ హెస్సే అనే సహచరుడి భార్య ఫానీ, వంటింట్లో జెల్లీ చేయడానికి వాడే అగార్ సంగతి చెప్పింది. ఆ వంటింటి చిట్కాను ప్రపంచంలోని ల్యాబులన్నీ ఇప్పటికీ వాడుతున్నాయి.

1881 ఆగస్టులో కాక్ క్షయ మీద పడ్డాడు. అప్పటి యూరప్‌లో చనిపోయే ప్రతి ఏడుగురిలో ఒకరిని క్షయే తీసుకుపోతోందని లెక్క. వంశపారంపర్యంగా వస్తుందని కొందరు, తిండి చాలక వస్తుందని కొందరు, ఒంటి తత్వమని మరికొందరు నమ్మేవాళ్లు. క్షయ పుండు పదార్థాన్ని ఎక్కిస్తే కుందేళ్లకు ఆ రోగం వస్తుందని ఫ్రాన్స్‌లో విల్లెమిన్ అనే డాక్టరు 1865లోనే నిరూపించాడు. కానీ దోషి ఎవరో చూపించలేకపోయాడు. దాంతో ఆ మాట నిలవలేదు.

క్షయ క్రిమి మహా మొండిది. ఒంటి మీద మైనం లాంటి పొర ఉంటుంది. మామూలు రంగులు దానికి అంటవు. కాక్ ఒక్కో రంగూ మార్చి చూస్తూ పోయాడు. చివరికి మిథిలిన్ బ్లూలో కొంచెం క్షారం కలిపి, గాజుపలకను అందులో ఇరవై నాలుగు గంటలు నానబెట్టాడు. తర్వాత గోధుమ రంగు అద్దకం వేశాడు. చుట్టూ ఉన్నదంతా గోధుమ రంగుకు మారింది. మధ్యలో సన్నటి, కాస్త వంపు తిరిగిన నీలి పుల్లలు కొన్ని మాత్రం మిగిలాయి.

చూస్తే సరిపోదు, పెంచాలి. గడ్డకట్టిన రక్తరసం మీద, ఒంటి వేడి దగ్గర ఉంచి కాచుకున్నాడు. వేరే క్రిములైతే ఒకటి రెండు రోజుల్లో కనిపిస్తాయి. వారం గడిచినా ఇవి రాలేదు. ఇంకొకరైతే పారబోసేవారు. కాక్ ఎదురుచూశాడు. రెండో వారంలో పొడిపొడిగా, పొలుసుల్లా పైకి తేలాయి. వాటిని గినీపిగ్గులకు ఎక్కిస్తే క్షయ వచ్చింది. ఆ గినీపిగ్గుల నుంచి మళ్లీ అదే క్రిమి దొరికింది. గొలుసు పూర్తయింది.

ఆ రాత్రి చప్పట్లు లేవు

1882 మార్చి 24 సాయంత్రం. బెర్లిన్ ఫిజియాలజీ సంఘం సమావేశం ఒక చిన్న గదిలో జరిగింది. కాక్ పెద్ద వక్త కాదు. నెమ్మదిగా, తడుముకుంటూ మాట్లాడే మనిషి. కానీ ఆ రోజు ల్యాబునే వెంట తెచ్చాడు. సూక్ష్మదర్శినులు, గాజుపలకలు, క్రిములు పెరిగిన గొట్టాలు, సీసాల్లో భద్రపరిచిన అవయవాలు.. రెండు వందలకు పైగా నమూనాలు బల్లల మీద పరిచాడు. ప్రసంగం అయిపోయాక ఎవరూ ప్రశ్న వేయలేదు, చప్పట్లూ కొట్టలేదు. ఒక్కొక్కరే లేచి సూక్ష్మదర్శినుల దగ్గరికి వెళ్లి కన్ను పెట్టి చూశారు. వాదించడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. వేల ఏళ్లుగా మనుషులను తినేస్తున్న దొంగ కళ్ల ముందే ఉన్నాడు.

క్షయ రోగి దగ్గినప్పుడు వచ్చే కళ్లెలో ఈ క్రిములు ఉంటాయని, ఆ కళ్లె ఎండిపోయినా వాటి ప్రభావం పోదని కాక్ ఆనాడే హెచ్చరించాడు. రోగం ఎక్కడి నుంచి పాకుతోందో తెలిసింది. ఆపాల్సింది ఎక్కడో కూడా తెలిసింది.

ఆ గదిలో పాల్ ఎర్లిక్ అనే కుర్ర డాక్టరు ఉన్నాడు. అదే రాత్రి తన ల్యాబులో పని మొదలుపెట్టాడు. రంగు పట్టించిన గాజుపలకలను ఆరబెట్టడానికి పొయ్యి మీద ఉంచితే, ఎవరో పొయ్యి రాజేశారట. తీరా చూస్తే వేడి తగిలిన పలకల మీద క్రిములు మరింత స్పష్టంగా కనిపించాయి. ఒకసారి రంగు పట్టాక ఆమ్లం పోసి కడిగినా క్షయ క్రిమి ఆ రంగును వదలదని కూడా ఎర్లిక్ కనిపెట్టాడు. ఇరవై నాలుగు గంటల పని తక్కువ సమయంలో అయ్యే దారి దొరికింది. తర్వాత జీల్ కార్బాలిక్ ఆమ్లం చేర్చాడు. నీల్సన్ దానికి ఎర్రటి ఫుక్సిన్ రంగు, గంధకామ్లం జోడించాడు. 1883 నాటికి పద్ధతి కుదురుకుంది. జీల్-నీల్సన్ పరీక్ష అని ల్యాబు వాళ్లు చెప్పేది దీన్నే. కొన్నేళ్లకు ఎర్లిక్ తన కళ్లెను తానే పరీక్షించుకుంటే అందులోనూ ఆ క్రిములే కనిపించాయి. విశ్రాంతి కోసం ఈజిప్టు వెళ్లి, కోలుకుని వచ్చాడు.

కలకత్తా చెరువుల దగ్గర

1883లో ఈజిప్టులో కలరా చెలరేగితే జర్మనీ తరఫున కాక్ వెళ్లాడు. అక్కడికే వచ్చిన ఫ్రెంచి బృందంలో తుయిలియే అనే యువ శాస్త్రవేత్త అదే కలరాకు బలైపోయాడు. రెండు దేశాల మధ్య పగ ఉన్నా, కాక్ వెళ్లి ఆయన శవపేటికకు భుజం పట్టాడు. ఈజిప్టులో కలరా తగ్గిపోవడంతో దాన్ని వెతుక్కుంటూ అదే ఏడాది డిసెంబరులో కలకత్తాకు వచ్చాడు. చనిపోయినవాళ్ల పేగుల్లో కామా గుర్తులా వంగి ఉన్న క్రిమి దొరికింది. జనం తాగడానికీ, స్నానానికీ, బట్టలు ఉతకడానికీ వాడుకునే చెరువు నీళ్లలోనూ అదే దొరికింది. 1884లో బెర్లిన్‌కు తిరిగి వెళ్లేసరికి వీరుడికి పట్టినట్టు బ్రహ్మరథం పట్టారు. ప్రభుత్వం లక్ష మార్కుల బహుమానం ఇచ్చింది. 1897లో ప్లేగు కాలంలో మరోసారి మన దేశానికి వచ్చి బొంబాయిలో పని చేశాడు.

చూపించకుండా నమ్మమన్న రోజు

కీర్తి పెరిగిన కొద్దీ ఒత్తిడీ పెరిగింది. 1890 ఆగస్టులో బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ వైద్య సభలో, క్షయ క్రిమిని ఒంట్లో పెరగకుండా ఆపే పదార్థం దొరికిందని కాక్ ప్రకటించాడు. నవంబరులో దాని వాడకం గురించి వ్యాసం అచ్చయింది. ప్రపంచం ఊగిపోయింది. నానా దేశాల నుంచి రోగులు రైళ్లెక్కి బెర్లిన్ చేరారు. హోటళ్లు, సత్రాలు దగ్గుతో నిండిపోయాయి. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కానన్ డాయిల్ కూడా డాక్టరే. ఆయన కూడా బెర్లిన్ వెళ్లి చూసి, తొందరపడవద్దని అనుమానంగానే రాశాడు.

అసలు ఆ మందు ఏమిటో కాక్ చెప్పలేదు. రహస్యంగా ఉంచాడు. ఇన్నాళ్లూ ప్రతిదీ బల్ల మీద పెట్టి చూపించిన మనిషి, మొదటిసారి చూపించకుండా నమ్మమన్నాడు. కొన్ని నెలల్లోనే నిజం తేలింది. కొందరికి జ్వరం ఎగబాకింది. కొందరికి రోగం ముదిరింది. కొందరు చనిపోయారు. విర్కో అనే పెద్దాయన శవపరీక్షలు చేసి, ఇంజక్షన్ తీసుకున్నవాళ్లలో రోగం కొత్తచోట్లకు పాకిందని తేల్చాడు. చివరికి 1891 జనవరిలో కాక్ ఆ మందు గుట్టు విప్పాడు. క్షయ క్రిముల నుంచి గ్లిజరిన్‌తో తీసిన సారమే అది. పేరు ట్యూబర్‌క్యులిన్. తన ఒంటికే ముందు ఎక్కించుకుని తీవ్రంగా జ్వరపడ్డాడు కూడా. అయినా రోగం తగ్గించే గుణం దానికి లేదు.

ఇల్లు కూడా ఆ రోజుల్లోనే చెదిరింది. 1893లో ఎమ్మీతో విడాకులయ్యాయి. అదే ఏడాది తనకన్నా దాదాపు ముప్పై ఏళ్లు చిన్నదైన హెడ్విగ్‌ను పెళ్లాడితే బెర్లిన్ సమాజం వేలెత్తి చూపింది. 1901లో లండన్ సభలో, ఆవుల క్షయ వల్ల మనుషులకు పెద్దగా ముప్పు లేదని అన్నాడు. అదీ తప్పని బ్రిటిష్ కమిషన్ తర్వాత నిరూపించింది. 1906-07లో ఆఫ్రికాలో నిద్రరోగానికి ఆయన వాడిన ఆటాక్సిల్ మందుతో కొందరు రోగుల చూపు పోయింది. గొప్పవాడి తప్పులు కూడా పెద్దవే, వాటిని మోసింది మాత్రం రోగులు.

అయితే ట్యూబర్‌క్యులిన్ పూర్తిగా వృథా పోలేదు. 1907, 1908లో పిర్కే, మాంటూ అనే ఇద్దరు దాన్ని పరీక్షగా మలిచారు. పిల్లల ముంజేతికి చిన్న సూది వేసి, రెండు మూడు రోజుల తర్వాత వాపు కొలిచే పరీక్ష అదే. మందుగా ఓడిపోయింది పరీక్షగా నిలబడింది.

1905లో క్షయ పరిశోధనలకే కాక్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. 1910 మే 27న బాడెన్-బాడెన్‌లో గుండెజబ్బుతో కన్నుమూశాడు. వయసు 66. చితాభస్మాన్ని బెర్లిన్‌లో ఆయన నడిపిన సంస్థలోనే ఉంచారు. ఇప్పుడా సంస్థకు ఆయన పేరే ఉంది.

మన దగ్గరికి ఎలా వచ్చింది?

కాక్ పోయేనాటికి క్షయకు మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, మంచం మీద విశ్రాంతి.. అంతే వైద్యం. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం ఆ కాలపు గుర్తే. 1940లలో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాక కథ మారింది. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన, ఇంటి దగ్గరే ఉండి మందులు వాడినా శానిటోరియంలో ఉన్నంత బాగానే నయమవుతుందని లోకానికి చూపింది.

1959లో బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ ఏర్పడింది. ఆ సంస్థ వాళ్లు తుమకూరు జిల్లా పల్లెల్లో తిరిగి క్షయ ఉన్నవాళ్లతో మాట్లాడారు. రోగులు ఆసుపత్రికి రారని అంతవరకూ అనుకునేవారు. తీరా చూస్తే సగం మందికి పైగా అప్పటికే దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లి వచ్చారు. వాళ్ల కళ్లె ఎవరూ చూడలేదు. దగ్గు మందు సీసా చేతిలో పెట్టి పంపేశారు. 1963లో అచ్చయిన ఆ అధ్యయనం కళ్లు తెరిపించింది. రోగి కోసం ఊరూరా వెతకడం కన్నా, వచ్చిన రోగి కళ్లెను సూక్ష్మదర్శిని కింద పెట్టడం ముఖ్యమని తేలింది. దేశ క్షయ కార్యక్రమం ఆ పునాది మీదే నడిచింది.

గాజుపలక మీద ఎర్ర పుల్లలు

హోసూరులో సళి పరిశోధన, బళ్లారిలో కఫ పరీక్షె, షోలాపూర్‌లో థుంకీ తపాసణీ, మన మాటలో కళ్లె పరీక్ష లేదా తెమడ పరీక్ష. బోర్డు మీద భాష ఏదైనా లోపల జరిగే పని ఒకటే. పొద్దున్నే లేచి నోరు పుక్కిలించి, గుండెల నిండా గాలి పీల్చి, లోతు నుంచి దగ్గి తీసిన కళ్లెను మూత ఉన్న డబ్బాలో ఇవ్వాలి. ఉమ్మి పనికిరాదు. చాలా పరీక్షలు తప్పేది ఇక్కడే.

ల్యాబు టెక్నీషియను అందులో చిక్కటి భాగాన్ని గాజుపలక మీద పూసి, ఆరబెట్టి, మంట మీద చూపిస్తారు. ఎర్ర రంగు పోసి ఆవిరి వచ్చేదాకా వేడి చేస్తారు. ఆమ్లంతో కడుగుతారు. చివర్లో నీలం పోస్తారు. నీలి నేల మీద ఎర్ర పుల్లలు కనిపిస్తే క్షయ ఉన్నట్టే. నూనె చుక్క వేసి కనీసం వంద చోట్ల చూడాలి. వంద చోట్లలో పది నుంచి తొంభై తొమ్మిది కనిపిస్తే ఒక ప్లస్, ఒక్కో చోట ఒకటి నుంచి పది దాకా ఉంటే రెండు ప్లస్‌లు, పదికి మించితే మూడు. 

దీనికీ పరిమితి ఉంది. ఒక మిల్లీలీటరు కళ్లెలో అయిదు నుంచి పది వేల క్రిములు ఉంటేగాని కంటికి చిక్కవు. అంతకన్నా తక్కువ ఉంటే పరీక్షలో లేదని వస్తుంది, రోగం మాత్రం ఉండవచ్చు. మందులకు లొంగే క్రిమో కాదో కూడా దీనితో తెలియదు. అందుకే క్రిమి జన్యువును పట్టే సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలను ఇప్పుడు ముందు వాడమంటున్నారు. రెండు గంటల అటూ ఇటూగా ఫలితం వస్తుంది. మందు పని చేస్తోందో లేదో చూసుకోవడానికి మాత్రం ఇప్పటికీ ఆ పాత గాజుపలకే దిక్కు. జన్యు యంత్రం చచ్చిన క్రిమిని కూడా లెక్కేసుకుంటుంది కాబట్టి ఆ పనికి అది సరిపోదు.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, తగ్గుతున్న బరువు, కళ్లెలో నెత్తురు.. వీటిలో ఏది కనిపించినా ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష ఉచితం, మందులూ ఉచితం. మామూలు టీబీ అయితే ఆరు నెలలు వదలకుండా వాడితే నయమవుతుంది. మధ్యలో తగ్గిందని మానేస్తేనే ముప్పు. ఏ రాష్ట్రంలో ఉన్నా, ఏ భాషలో అడిగినా ఇది మారదు.

కాక్ ఆ ప్రకటన చేసిన మార్చి 24ను ఇప్పుడు ప్రపంచమంతా క్షయ దినంగా పాటిస్తోంది. జీవితంలో ఆయన గెలిచింది చూపించినప్పుడు, ఓడింది దాచినప్పుడు. ఆయన పేరు మాటున టీబీని దాచుకుంటున్న ఇళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. డబ్బాలో కళ్లె పడి, గాజుపలక మీదికి చేరినప్పుడే ఆ ఇంట్లో మిగతావాళ్లు బయటపడే దారి మొదలవుతుంది.